పదహారు పేజీల్లో పట్టని ఏడు నీళ్లు

లక్ష్మీప్రసాద్ మాష్టారు మా కొండ మీదికి ఇష్టపడి రాలేదు. ఈ మాట ఆయన ఇప్పుడు ఒప్పుకోడు. సభల్లో మైకు దొరికితే "అడవి తల్లి నన్ను పిలిచింది" అంటాడు. పిలిచింది అడవి తల్లి కాదు, బదిలీ ఆర్డరు. 1996లో విజయనగరం పక్కన పనిచేసే రోజుల్లో హెడ్మాష్టరుతో మాటామాటా పెరిగింది. ఆ వేడి చల్లారేలోపు ఈయన పేరు ఏజెన్సీ జాబితాలో తేలింది. పెదబయలులో జీపు దిగి, మా ఊరు జాకరపుట్టు దాకా తొమ్మిది కిలోమీటర్లు నడిచి, బడి వరండాలో ట్రంకుపెట్టె దించి ఆయన వేసిన మొదటి ప్రశ్న "ఇక్కడికి పేపరు ఎన్నింటికొస్తుంది?" అని. మూడో రోజుకొస్తుందని చెప్పాను. ఆయన ఆ పెట్టె మీదే కూలబడ్డాడు.

నా పేరు ధర్మ. అదే ఆశ్రమ పాఠశాలలో రెండో టీచర్ని, ఆ ఊరివాణ్ణే. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్నామధ్య ఆయనకు సన్మాన సంచిక వేస్తూ ఊరూవాడా వ్యాసాలడిగారు గానీ నన్ను వదిలేశారు. అంచేత నా వ్యాసం నేనే రాసుకుంటున్నాను.

మొదటి నాలుగైదేళ్లూ ఆయన బతుకంతా దోమతెరలోనే గడిచింది. మలేరియా అంటే ఎంత హడలంటే పట్టపగలు కూడా తెరలో కూర్చునే హాజరు పిలిచేవాడు. తాగే నీళ్లు మూడుసార్లు మరిగించి, మూడుసార్లు వడగట్టేవాడు. మాది ఒరియా కలిసిన కొండ మాట. అందులో ఒక్క ముక్క కూడా నేర్చుకోలేదు. "లిపి లేని భాష, నేర్చుకుని ఏం చేసుకుంటామయ్యా" అనేవాడు. ప్రతి మే నెలా బదిలీకి దరఖాస్తు పెట్టడం, ప్రతి జూన్‌లోనూ మొహం వేలాడేసుకుని మళ్లీ మా మధ్య తేలడం. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. లెక్కలు బాగా చెప్పేవాడు. పిల్లకి జ్వరమొస్తే తన బిస్కెట్ పాకెట్టు విప్పి ఇచ్చేవాడు. ఇది కూడా రాయకపోతే అన్యాయమవుతుంది.

2001లో ఒక కాగితం వచ్చింది. పట్నంలో ఏదో సంస్థ గిరిజన కథలను చిన్నపిల్లలకు రంగురంగుల బొమ్మల పుస్తకాలుగా వేస్తుందట. కథలు సేకరించి తెచ్చిన టీచర్లకు విశాఖపట్నంలో పది రోజుల వర్క్‌షాపట. ఆ పది రోజులూ డ్యూటీ కిందే లెక్కట. ఈ చివరి మాట చదివాక ఆయనకు జానపద సాహిత్యం మీద ప్రేమ పుట్టింది. దోమతెర లేపి బయటికొచ్చి, "ధర్మా, మీవాళ్లలో కథలు చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఐదేళ్లుగా ఆయన కిటికీకి నలభై అడుగుల దూరంలో, అడ్డాకులు విస్తళ్లుగా కుట్టుకుంటూ, చుట్టూ పిల్లల్ని పోగేసుకుని మా పెద్దమ్మ చిట్టెమ్మ కథలు చెబుతూనే ఉంది. ఆయనకది అల్లరిగా వినపడేది. రెండుసార్లు బెల్లు కొట్టించి మాన్పించాడు కూడా.

చిట్టెమ్మ మా అమ్మకు అక్క. కాఫీ పళ్లు కోసే చేతులు, కోసుకుపోయే నోరు. ఆమె దగ్గర కథలు చాలానే ఉన్నాయి గానీ ఏటా వానలు దిగగానే, అంటే ఇళ్లలో గింజలు అడుగంటే నెలల్లో, పిల్లలందర్నీ కూర్చోబెట్టి తప్పకుండా చెప్పే కథ ఒకటే. చేదు దుంప కథ.

ఆ దుంప మా అడవిలో దొరుకుతుంది. చూడ్డానికి నిగనిగలాడుతుంది, లోపల విషం. పల్చగా చక్రాలు కోసి, బుట్టలో పోసి, పారే గెడ్డలో, అంటే కొండవాగులో పెట్టాలి. తెల్లారి తీసి పిండి, కడిగి, మళ్లీ పెట్టాలి. అలా ఏడు రోజులు. ఏడు నీళ్లు పోతే అన్నమంత మంచిది. తొందరపడితే మనిషిని తీసుకుపోతుంది.

మా పెద్దమ్మకు ఎనిమిదేళ్లప్పుడు కరువొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు కూలికెళ్లారు. గెడ్డలో బుట్ట మూడో నీటిలో ఉంది. ఆకలికి ఆగలేక తనే తీసి ఉడకబెట్టి, చెల్లెలు కనకకు పెట్టి తనూ తింది. చెల్లెలు చిన్నది కదా అని దానికే ఎక్కువ పెట్టింది. కనక మర్నాటికి లేదు. అందుకని ఆ కథ ఆమెకు కాలక్షేపం కాదు. ఊళ్లో ఏ పిల్లా ఆ లెక్క తప్పకూడదన్నదే ఆమె పట్టుదల.

కథ ఇలా నడుస్తుంది. ఒక పిల్ల దుంప తవ్వుకుని వస్తుంటే ఎలుగుబంటి అడ్డం పడుతుంది. "దుంప పెడతావా, నిన్నే తినెయ్యనా?" అంటుంది. "పెడతాను గానీ ఏడు నీళ్లు పోనీ" అంటుంది పిల్ల. మొదటి నీటికి ఎలుగు ఆగలేక ఒక ముక్క నాకుతుంది, నాలుక మండుతుంది. రెండో నీటికి దురద. మూడో నీటికి నాలుక వాస్తుంది, నాలుగోదానికి మొద్దుబారుతుంది, ఐదోదానికి మాట తడబడుతుంది. ప్రతిసారీ పెద్దమ్మ ఆ నాలుక అభినయిస్తూ "తినొచ్చేటి?" అని అడుగుతుంది. పిల్లలు "వద్దూ!" అని ఊరు ఎగిరిపోయేలా అరుస్తారు. ఆరో నీటికి ఎలుగు బుట్ట లాక్కుని గుప్పెడు తప్ప అన్నీ మింగి, పొట్ట పట్టుకుని దొర్లుతుంది. అప్పట్నుంచీ దుంపల జోలికి పోకుండా చెదపుట్టలే తవ్వుకుంటుంది. ఏడో నీటికి మిగిలిన గుప్పెడు ముక్కలూ పిల్ల ఇంటికి తీసుకెళ్తుంది. అప్పుడు మాత్రం పిల్లలు "తినొచ్చు!" అంటారు. మా ఊళ్లో అక్షరం ముక్క రానివాళ్లకు కూడా ఈ లెక్క వచ్చింది ఈ కథ వల్లే.

మాష్టారు నోట్‌బుక్కు తీసి కూర్చున్నాడు. పెద్దమ్మ రెండు మాటలు చెప్పి ఆపేసింది.

"ఊ అనవేటి బాబూ? నాను గోడకి సెప్తన్నానా?"

"రాసుకుంటున్నానమ్మా."

"రాత్తే నోరు పడిపోద్దేటి? ఊ అను."

డిగ్రీ చదివిన లక్ష్మీప్రసాద్ మాష్టారు ఆ రోజు ఒక అడ్డాకుల ముసలిదానికి గంటసేపు ఊ కొట్టాడు. కథ ఊపందుకున్న కొద్దీ పెద్దమ్మ మా మాటలోకి జారిపోయింది. నేను తెలుగులోకి తిప్పి చెబుతున్నాను. అన్నీ సరిగ్గానే చెప్పాను, మూడో నీరు దాకా. ఆ తర్వాత అదే మాట, అదే బుట్ట, అదే "తినొచ్చేటి". నాకు విసుగొచ్చింది. సంతకి వెళ్లాల్సిన పనుంది. "ఇలాగే ఏడు నీళ్లు, మాష్టారూ" అని తేల్చేశాను. ఆయన కూడా హాయిగా అలాగే రాసుకున్నాడు. ఆ కథకు మొదటి కత్తెర వేసింది పట్నంవాళ్లు కాదు, నేనే.

లేచేటప్పుడు పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "బొమ్మలేటి ఏసుకుంతారో ఏసుకోండి బాబూ. ఏడు నీళ్లూ ఉండాల. ఒకటి తగ్గినా నా కత నాకిచ్చీండి" అంది. ఉంటాయమ్మా అని ఆయన మాటిచ్చాడు.

వర్క్‌షాపుకి నన్ను కూడా వెంటబెట్టుకెళ్లాడు, భాష కోసం. అక్కడ ఉమామహేశ్వరి గారని ఒక సంపాదకురాలు. చేనేత చీర, పెద్ద బొట్టు, ప్రతి వాక్యానికీ ముందు "పిల్లల మనస్తత్వం ఏమిటంటే" అనడం అలవాటు. ఆవిడకు పిల్లలున్నారో లేదో నాకు తెలియదు, మనస్తత్వం మాత్రం పుష్కలంగా తెలుసు.

"పిల్లల మనస్తత్వం ఏమిటంటే, చెప్పిందే చెబితే విసుగొస్తుంది. ఏడుసార్లు కడగడం దేనికండీ?" అంది.

"నిజమే మేడమ్" అన్నాడు మాష్టారు.

పుస్తకం పదహారు పేజీలు. అందులో డైరెక్టరు గారి ముందుమాట ఒకటి, సలహాదారు గారి రెండోమాట ఒకటి, కృతజ్ఞతలు ఒకటి, సంస్థ ఆశయాలు రెండు. పుస్తకం పేరున్న పేజీ, ధర వివరాల పేజీ పోను కథకు మిగిలినవి తొమ్మిది. ఒకే బుట్టను ఏడుసార్లు గీస్తే తన పేరు పోతుందని బొమ్మలాయన గోల పెట్టాడు. విషం అన్న మాట పసిపిల్లలకు పనికిరాదన్నారు. ఎలుగుబంటికి పొట్టనొప్పి రావడం జంతుహింస అన్నారు. అలా ఒక్కొక్కటీ ఊడబెరికి, చివరికి పిల్లా ఎలుగుబంటీ స్నేహితులైపోయి, దుంపను గెడ్డలో ఒక్కసారి శుభ్రంగా కడుక్కుని, ఉడకబెట్టుకుని, ఇంద్రధనుస్సు కింద కూర్చుని చెరిసగం తిన్నారు. పుస్తకం పేరు "ఎలుగు నేస్తం".

దోమ కుడుతుందని పట్టపగలు తెరలో కూర్చునే మనిషి, తను తాగే నీళ్లు మూడుసార్లు మరిగించుకునే మనిషి, మా పిల్లలు తినే దుంపకు ఒక్క కడుగుతో సరిపెట్టాడు. కోపం రాదా? నాకు రాలేదు అప్పుడు. నోరు తెరిచాను, టీ తాగడానికి. పట్నంలో గుండ్రటి బల్ల దగ్గర నన్ను "ధర్మగారూ" అన్నారు మరి. నన్ను గారూ అనడం అదే మొదలు.

మరుసటి ఏడాది అరకులో పుస్తకావిష్కరణ. మా బడి ఆడపిల్లలకు ఒకే రంగు చీరలు కట్టించి ధింసా ఆడించారు. ఏజెన్సీలో మరుగుదొడ్డి ప్రారంభించినా ధింసా ఉండాల్సిందే. చిట్టెమ్మకు శాలువా కప్పి, చేతిలో పుస్తకం పెట్టారు. ఆమె వేదిక మీదే పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. పుస్తకంలో పిల్లకు ఒంటి నిండా ఆకులు చుట్టి, నెత్తిన ఈక గుచ్చాడు బొమ్మలాయన.

"ఈ గుంట బట్టలెవులెత్తుకుపోనార్రా?" అని నన్నడిగింది.

ముందు వరుసలో నవ్వారు. ఆమె నవ్వలేదు. పేజీ మీద వేలు పెట్టి బుట్టలు లెక్కపెట్టింది. చదువు రాకపోయినా లెక్క వచ్చు. వెనక్కీ ముందుకీ తిప్పింది. ఒకటే బుట్ట. మైకు దగ్గరికి వెళ్లి మా మాటలో గడగడా చెప్పింది. "ఇందులో ఏడు నీళ్లు లేవు. ఇది పిల్లలకివ్వకండి. దుంప ఇలా తినే మా చెల్లి చచ్చిపోయింది." సభలో ఎవరికీ అర్థం కాలేదు. ముఖ్య అతిథి గారు నావైపు తిరిగి, "ఏమంటోందయ్యా ఆవిడ?" అని అడిగారు.

మాట తెలియకపోయినా, ఆమె బుట్టలు లెక్కపెట్టడం చూసిన మాష్టారుకి సంగతి తెలిసిపోయింది. నన్ను చూశాడు. నేను కొత్త చొక్కా వేసుకుని ఉన్నాను.

"చాలా ఆనందంగా ఉందంటోంది సార్" అన్నాను.

చప్పట్లు మోగాయి. తెలుగు రానిదేం కాదు మా పెద్దమ్మ. నేనన్నది పూర్తిగా అర్థమైంది ఆమెకు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి దిగిపోయింది. ఆ తర్వాత నాతో ఏడాది మాట్లాడలేదు.

పుస్తకానికి మంచి పేరొచ్చింది. ఏవో బహుమతులొచ్చాయి. మాష్టారు బదిలీ దరఖాస్తులు మానేశాడు. గడ్డం పెంచాడు, భుజాన సంచీ తగిలించాడు. "మా గిరిజనులు" అనడం మొదలుపెట్టాడు. మా బడికి నలభై పుస్తకాలొచ్చాయి. రంగుల పుస్తకం మా పిల్లలు చూసింది అదే మొదలు. నమిలి మింగేశారు. అందరికన్నా బాగా చదివింది మా పెద్దమ్మ మనవరాలు బేబి, పదేళ్లది. చూడకుండా అప్పజెప్పేది.

పెద్దమ్మ బడి ముందు కూర్చుని కథ చెప్పబోతే పిల్లలే దిద్దడం మొదలుపెట్టారు. "కాదు అమ్మమ్మా, ఎలుగు మంచిది. పుస్తకంలో ఉంది" అంది బేబి. అచ్చులో ఉన్నదాని ముందు ముసలమ్మ నాలుక అభినయం ఏం నిలుస్తుంది? పైగా ఇవి ఐదో ఏట హాస్టల్లో పడ్డ పిల్లలు. పొయ్యి దగ్గర కూర్చున్నది లేదు, గెడ్డలో బుట్ట పెట్టింది లేదు. మా చిన్నప్పుడు కథ మర్చిపోయినా చెయ్యి మర్చిపోయేది కాదు. వీళ్లకు ఆ చెయ్యి కూడా లేకుండా చేశాం, చదువు చెబుతున్నామని.

2003 శ్రావణంలో ఒక ఆదివారం పెద్దవాళ్లంతా పెదబయలు సంతకెళ్లారు. నలుగురు ఆడపిల్లలు కొండెక్కి దుంప తవ్వుకొచ్చారు. గెడ్డలో కడిగారు. ఒక్కసారే, శుభ్రంగా. ఉడకబెట్టి, పుస్తకంలో ఉన్నట్టే సమానంగా పంచుకున్నారు. నేను వెళ్లేసరికి నలుగురూ వాంతులు చేసుకుంటూ వరండాలో పడి ఉన్నారు. బేబికి కళ్లు తేలిపోయాయి. నాలుక వాచి మాట రావడం లేదు.

డోలీ కట్టి పెదబయలు, అక్కణ్నుంచి జీపులో పాడేరు. దారి పొడుగునా పెద్దమ్మ ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఒక్కటే మాట అంది, "ఎన్ని నీళ్లే? ఎన్ని నీళ్లే?" అని. బేబి ఒక వేలు చూపించింది. నేను జీపు వెనక కమ్మీ పట్టుకుని నిలబడి అది చూశాను. కిందికి దూకెయ్యాలనిపించింది.

ముగ్గురు మర్నాటికే లేచి కూర్చున్నారు. బేబికి మూడు రోజులు పట్టింది. బతికింది. నాలుగో రోజు మాట వచ్చాక డాక్టరు గారు ఎందుకు తిన్నావని అడిగితే, "బుక్కులో ఒక్కసారే కడిగారు కదండీ" అంది. ఆయన ఏ బుక్కు అని కూడా అడగలేదు. పిల్లలేదో అంటారులే అనుకుని ఉంటాడు.

తర్వాత విచారణకు ఎవరో వచ్చారు. రిపోర్టు రాశారు. "ఆహారపు అలవాట్ల విషయంలో గిరిజనులలో అవగాహనా లోపం" అని తేల్చారు. అవగాహన పెంచాలన్నారు. పెంచడానికి ఒక బొమ్మల పుస్తకం వెయ్యాలన్నారు. గిరిజన బాలసాహిత్యంలో అనుభవమున్న వ్యక్తి ఎవరని వెతికితే ఒకే ఒక్క పేరు దొరికింది.

లక్ష్మీప్రసాద్ మాష్టారు మళ్లీ నోట్‌బుక్కుతో మా పెద్దమ్మ ఇంటికొచ్చాడు. ఈసారి గడ్డం చిక్కుపడి ఉంది, కళ్లు కిందికి ఉన్నాయి. పిల్లల్ని చూడ్డానికి పాడేరుకి రెండుసార్లు వచ్చి, గుమ్మం దగ్గర్నుంచే వెళ్లిపోయాడని నాకు తెలుసు. ఆయనకు భయం వేసింది, సిగ్గు కూడా వేసింది. ఎంత భయమో ఎంత సిగ్గో నేను తూచలేను.

"చిట్టెమ్మా, ఆ దుంప ఎలా కడుగుతారో మళ్లీ చెప్పాలి" అన్నాడు.

తరిమేస్తుందనుకున్నాను. తరిమెయ్యాలని నాకుంది. పెద్దమ్మ ఆయన్ని వదిలేసి నావైపు తిరిగింది. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది.

"ఈసారి అన్నీ సెప్పు."

చెప్పాను. మొదటి నీరు, రెండో నీరు, మూడో నీరు, ఒక్కటీ మింగకుండా ఏడో నీరు దాకా చెప్పాను. ప్రతి నీటికీ నన్ను ఆపి, ఆయన రాసింది చదివించుకుంది. "ఇది మూడోది కదేటి? మరి నాలుగోదేదీ?" అని నిలదీసింది. ఆయన చెమటలు కక్కుతూ రాశాడు.

2004లో పుస్తకం వచ్చింది. పేరు "దుంపను తెలివిగా వండుకుందాం". పన్నెండు పేజీలు. ప్రతి పేజీలోనూ తెల్లకోటు వేసుకున్న డాక్టరు ఒకాయన గెడ్డ ఒడ్డున నిలబడి, వేలు చూపిస్తూ, దుంప ఎలా కడగాలో ఒక ముసలిదానికి నేర్పుతున్నాడు. ముసలిది చేతులు కట్టుకుని, నోరు తెరుచుకుని వింటోంది. ఆ ముసలిదాని మొహం మా పెద్దమ్మది. ఆవిష్కరణ రోజు తీసిన ఫొటో చూసి గీశారు.

నేను చూసి మండిపోయాను. ఇది ఈమె కంటపడకూడదనుకున్నాను. కానీ బేబి అప్పటికే పట్టుకెళ్లి చూపించేసింది. నేనూ, వెనకాలే మాష్టారూ వెళ్లేసరికి ఇద్దరూ గడప మీద కూర్చున్నారు.

"అమ్మమ్మా, ఇది నువ్వే. డాక్టరుగారు నీకు నేర్పుతున్నారు" అంటోంది బేబి.

పెద్దమ్మ డాక్టర్ని చూడలేదు. తన మొహమూ చూడలేదు. పేజీలు తిప్పుతూ బుట్టల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటోంది. చివరి దాకా వచ్చి, మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.

"ఏడూ ఉన్నాయి" అంది.

"నీకు వాడు నేర్పడమేంటి పెద్దమ్మా? నువ్వు చెప్పిందే కదా! వద్దని చెప్పు, మళ్లీ వేయిస్తాను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"మళ్లీ ఏత్తే మళ్లీ ఒకటి తగ్గిపోద్దిరా" అంది. పుస్తకం బేబి ఒళ్లో పెట్టింది. "నేర్పనీ. ఎవులు నేర్పితే ఏటి? ఈ గుంటలు బతికుంటే సాలు."

మాష్టారు గొంతు సవరించుకుని, "పుస్తకం బాగుందా చిట్టెమ్మా?" అని అడిగాడు.

"ఏడూ ఉన్నాయి బాబూ" అందామె.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మెప్పనుకున్నాడు. అదే మాటను తన తర్వాతి పుస్తకం వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించుకున్నాడు. కింద పేరు లేదు. "ఒక గిరిజన వృద్ధురాలి ప్రశంస" అని ఉంది.